తన కుట్టు తానే విప్పిన మేస్త్రి

నవంబరు 16, ఆదివారం. ఎమ్మిగనూరు.

మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా ఆదోనిలో సీట్ల మేస్త్రి చనిపోయాడు. ఆ మాట నాకు ఫోనులో చెప్పింది ఆయన కోడలు. "మామ పోయినాడమ్మా" అని, నేను ఏదో అడిగేలోపల పెట్టేసింది. ఈరోజు మూడో నాటి జియారత్, గోరీ దగ్గర ప్రార్థన. మొదటి బస్సుకు ఆదోని వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, కాళ్ళు చేతులు కడుక్కుని రాయడానికి కూర్చున్నాను.

ఇంత తొందరగా రాయడానికి కారణం ఉంది. ఆయన ఇంటి ముందు షామియానా కింద కూర్చున్న ఒకాయన "యాభై ఏండ్లలో ఒక్క తప్పు కుట్టు ఎయ్యలేదు ఆయప్ప" అన్నాడు. తలలన్నీ ఊగాయి. పోయినవాళ్ళ గురించి అలా అనడం మర్యాదే. కానీ నలభయ్యో రోజు వచ్చేసరికి ఆ మాట గట్టిపడిపోతుంది, తర్వాత దాన్ని ఎవరూ కదిలించలేరు. మేస్త్రి ఒక పెద్ద తప్పు చేశాడు. అది మా కారులోనే చేశాడు. దాన్ని సరిదిద్దాలని చివరి మూడేళ్ళూ పాటుపడ్డాడు. ముప్పావు వంతు పని ముగిసింది, పావు వంతు మిగిలింది. నేనెరిగిన మనిషి ఆ తప్పును దిద్దుకునే పనిలోనే ఉన్నాడు. దాన్ని తీసేస్తే నాకు ఆయన కనిపించడు. అందుకని, జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్పాలి. నాలుగు తలుపుల అమెరికా కారు, బూడిద రంగు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక అమెరికా డాక్టరు తెచ్చుకున్నది. ఆయన దేశానికి వెళ్ళిపోతూ, ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా మామగారికి ఇచ్చి వెళ్ళాడు. అమెరికా కారు అనగానే జనం తళుకులు ఊహించుకుంటారు. మాది ఆ కంపెనీ చేసిన వాటిలో అన్నిటికన్నా చౌక రకం. రేడియో లేదు, అది ఉండవలసిన చోట ఒక రేకు బిళ్ళ. గడియారం లేదు, అక్కడా రేకు బిళ్ళే. కళ్ళలో ఎండ పడకుండా దించుకునే పలక డ్రైవరుకు మాత్రమే ఉంది, పక్కన కూర్చున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కింద తివాచీ లేదు, నల్ల రబ్బరు పట్టా. వెనక తలుపులకు మోచెయ్యి ఆనించుకునే దిమ్మలు లేవు. సీట్లు ముందొకటి, వెనకొకటి, బెంచీల్లాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా. వాటికి మొదట ఉన్నది బూడిద రంగు నూలు గుడ్డ, వేలెడు దూరానికొక సన్నని నల్ల గీత. అంతే.

నా పెళ్ళినాటికి నాకు ఇరవై ఒకటి, మేస్త్రికి ఇరవై మూడు. ఆయన తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొడుకు పరుపులు వదిలి లారీ సీట్లు, జీపు సీట్లు పట్టుకుని కొత్తగా అంగడి పెట్టాడు. కోడలిని తీసుకురాబోయే కారులో బూడిద రంగు సీట్లేమిటని మా మామగారికి అనిపించింది. "పెండ్లి కళ రావాలప్పా" అని ఆ కొత్త మేస్త్రికి అప్పగించారు. కళ వచ్చింది. ఎర్ర రెగ్జిన్, చుట్టూ తెల్ల పట్టీ, వీపు మీద మూడు వరసల బంగారు రంగు గుండీలు, లోపల రెండంగుళాల స్పాంజి. అప్పట్లో ఆదోనిలో అంత సొగసైన సీటు ఇంకొకటి లేదు.

మే నెలలో, పట్టుచీరతో, ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా ఆ సీటు మీద నేను ప్రయాణం చేశాను. చీర వీపుకు అంటుకుంది, వీపు రెగ్జినుకు అంటుకుంది. దిగేటప్పుడు చర్రుమని చప్పుడైంది. "వదినెను సీటు ఇడ్సల్లేదే!" అని మా ఆడబిడ్డ వీధంతా వినపడేలా అరిచింది. నా కొత్త కాపురం ఆ నవ్వుతో మొదలైంది.

అదే రోజు మేస్త్రి తండ్రి కారులోకి తొంగి చూశాడు. చెయ్యి పెట్టి రెగ్జిన్ తడిమాడు. కొడుకుతో ఒకే ఒక మాట అన్నాడు: "గుడ్డ బతికుండంగనే గోరీ కట్టినావు కదరా." గాలి ఆడని దాని కింద నూలు బతకదని ఆయన బాధ. పాత గుడ్డ తీయకుండా దాని మీదనే రెగ్జిన్ కప్పారని ఆ ముసలాయన చేతికి తెలిసిపోయింది. ఈ మాట అప్పుడు నాకు తెలియదు. మేస్త్రి నాకు చెప్పింది యాభై ఏళ్ళ తర్వాత.

తర్వాత నా బడి ఉద్యోగం వల్ల కాపురంతోపాటు కారు కూడా ఎమ్మిగనూరు చేరింది. మూడేళ్ళ కిందట, పాత కార్లంటే ప్రాణం పెట్టే ఒకాయన బెంగుళూరు నుంచి మా షెడ్డుకు వచ్చాడు. కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. "అమ్మా, ఖరీదైన రకాలను అందరూ దాచుకున్నారు. చౌక రకాన్ని ఎవరు దాచుకుంటారు? అరిగేదాకా వాడి తుక్కుకు వేశారు. లేదంటే సింగారించి ఖరీదైన దానిలా చేశారు. అందుకే ఇలాంటిది దొరకడం అరుదు" అన్నాడు. తర్వాత తలుపు తీసి ఎర్ర సీట్లు చూసి, "లోపల మాత్రం ఇది ఈ కారు కాదు" అని తలుపు మెల్లగా వేశాడు.

ఆ వారమే మేస్త్రికి ఫోను చేశాను. సీట్లకు మళ్ళీ గుడ్డ వేయాలని మాత్రమే చెప్పాను. మరునాడు సూదుల డబ్బా చంకన పెట్టుకుని బస్సు దిగాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. వెనక సీటు దగ్గర వంగి, పగిలిన రెగ్జిన్ మీద చేతి వెనకవైపుతో తడిమాడు. అరచేయంతా కాయలు కాసి దేని స్పర్శా తెలియదని, ఏ గుడ్డనైనా ఆయన అలాగే చూసేవాడు.

"ఇది నేను సేసిందే కదా టీచరమ్మా."

"నువ్వే. ఎవరన్నా పనివాణ్ణి పంపితే సరిపోయేది. ఈ మోకాళ్ళతో నువ్వెందుకొచ్చావు?"

"కత్తి పెట్టి కోసేదానికి ఎవరైనా సాలు. కుట్టినోడే కుట్టు ఇప్పాల. మా నాయనకు జవాబు సెప్పుకోవాల కదా నేను."

అప్పుడు చెప్పాడు గోరీ మాట. తండ్రి ఆ తర్వాత పదేళ్ళు బతికాడట, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదట. "తిట్టింటే మర్సిపోయి ఉందును. ఒక్క మాట అని ఊరుకున్నాడు సూడు, అది పోలేదు" అన్నాడు. ఆపై వేలెత్తి సీట్లు రెండింటినీ చూపించి, "నేను పోయేలోపల ఈ రెండూ ఎట్లుండెనో అట్ల సేస్తా. నా సేత్తోనే సేస్తా" అన్నాడు. నాకు ఒట్లు, శపథాలు నచ్చవు. "ముందు విప్పు, తర్వాత చూద్దాం" అన్నాను.

విప్పడానికి సీటుకు మూడు రోజులు పట్టింది. ఒక్కచోట కూడా కత్తి వాడలేదు. ఒక్కొక్క కుట్టులోకి సూది దూర్చి, దారం లేపి, లాగి తీశాడు. స్పాంజి పసుపుపచ్చ పిండిలాగా రాలింది. దాని కింద అసలు గుడ్డ గోధుమ రంగు దుమ్మై, ముట్టుకుంటే చిట్లింది. ఇనుప చట్రం కిందికి మడిచిన ఒక మూల మాత్రం మిగిలింది. రెండు అరచేతులంత ముక్క. బూడిద రంగు, నల్ల గీత, నిన్న నేసినట్టుగా ఉంది. మేస్త్రి దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. "నాయన గెలిచినాడు" అన్నాడు. ఆ గొంతులో ఏడుపు లేదు. పందెంలో ఓడినవాడు పెద్దమనిషి తరహాలో ఒప్పుకున్నట్టుగా ఉంది.

నా అలవాటు ప్రకారం, తీసిన ప్రతిదాన్నీ కొలిచి పుస్తకంలో రాశాను. స్ప్రింగులెన్ని, గోనె పొరలెన్ని, గుండీలెన్ని, ఏ ముక్క ఎంత పొడవు. వెనక సీటు గుడ్డకు వెనక కొసన ముతక పట్టీ ఒకటి, వెడల్పు అయిదంగుళాలు, అని కూడా రాశాను. అది ఎందుకు ఉందో ఆలోచించలేదు. రాయడం వేరు, అర్థం చేసుకోవడం వేరని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను.

ఆయనకూ ఒక లెక్క ఉండేది. డబ్బాలో ఇరవై రెండు సూదులు. వాటిని లెక్కపెట్టకుండా ఏ సీటునూ మూసేవాడు కాదు. "సూది తప్పిపోతే మనకు ఇనుము పోయినట్టు. కూసున్నోనికి ప్రాణం పోయినట్టు" అనేవాడు. పని చేసేచోట మాట్లాడేవాడు, పాడేవాడు, ఎదుటివాళ్ళను ఆటపట్టించేవాడు. సూదులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం సొంత కోడలు పలకరించినా బదులివ్వడు. ఆ క్రమశిక్షణ నేను పనిచేసిన బడిలో సగంమందికి లేదు.

దూది దగ్గర మాకు మొదటి పోట్లాట వచ్చింది. ఆదోనిలో మంచి పత్తికి కొదవా? పొడుగు పోగు, పట్టులాంటి మెత్తని దూది తెప్పించి ముందు పెట్టాను. వద్దన్నాడు. హాలహర్వి వైపు ఒక రైతు గట్ల మీద ఇంకా నాటు పత్తి వేస్తాడని, అది పొట్టి పోగు, ముతకదని, అదే కావాలని పట్టుబట్టాడు.

"మెత్తగా ఉన్నది పెట్టుకోక మొరటుదెందుకు మేస్త్రీ?"

"మెత్తని దూది పండుకుంటాది టీచరమ్మా. మొరటు దూదే లేస్తాది."

మూడు నెలలకు రుజువు చూపించాడు. రెండు రకాలతో రెండు చిన్న దిండ్లు కుట్టి, వాటి మీద కారు జాకీ పెట్టి వదిలేశాడు. తీశాక మెత్తని దిండు రొట్టెలా అణిగి ఉంది. మొరటు దిండు మెల్లగా ఊపిరి పీల్చుకుంటున్నట్టు లేచింది. ఆ ఏడాది మా మనవరాలు పరీక్ష తప్పి, ముసుగు పెట్టి పడుకుంది. నేను ఆ రెండు దిండ్లనూ తీసుకెళ్ళి ఆమె మంచం మీద పెట్టి, మేస్త్రి మాట చెప్పాను. విసుక్కుంది, నవ్వింది, లేచి స్నానానికి పోయింది. ఆ ఉపకారం మేస్త్రికి చెప్పాను. "పిల్లకు దూది పని నేర్పిస్తాండావా ఏమి?" అన్నాడు.

ఇక గుడ్డ. అలాంటిది బజారులో ఎక్కడా లేదు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల దుప్పట్లు నేసే ఒకాయన ఉన్నాడు. మిగిలిన ముక్కను ఆయన వెలుతురుకు పట్టి, పోగులు లెక్కపెట్టి, "నెల రోజులియ్యి టీచరమ్మా" అన్నాడు. సరిగ్గా నెలకు పది మీటర్ల గుడ్డ తెచ్చి మా అరుగు మీద పరిచాడు. రంగు కుదిరింది, గీత కుదిరింది. కానీ రెండు పక్కలా అంగుళం వెడల్పున పసుపు అంచు ఉంది.

"ఇదేమిటి? నేనిచ్చిన ముక్కకు అంచు ఉందా?"

"లేదు."

"మరి నువ్వెందుకు వేశావు?"

"అంచు లేని గుడ్డ మా మగ్గం మీద ఒకదానికే దిగుతాది టీచరమ్మా. పైకి పోయేటోళ్ళకు. మా తాత కాలం నుంచి అంతే. బతికినోళ్ళు కూసునే గుడ్డకు అంచు లేకుండా నేసేది నాతో కాదు. ఇంట్లో ఆడపిల్ల పెండ్లి పెట్టుకోని ఉండాను."

నాకు కోపం వచ్చింది. కారుకు శుభమేమిటి, అశుభమేమిటి అని గట్టిగానే అడిగాను. నేతాయన తల వంచుకున్నాడే తప్ప తగ్గలేదు. మేస్త్రి మాత్రం గుడ్డ మీద చేతి వెనకవైపు ఆడిస్తూ నవ్వుతున్నాడు.

"టీచరమ్మా, కుట్టుకు నేను లోపల ఇడ్సేది ఎంత?"

"ముప్పావు అంగుళం."

"ఒక అంగుళం ఇడుస్తా. అంచు లోపలికి పోతాది. పైకి మీ కారు మీ కారుగానే ఉంటాది. లోపల ఈయప్ప మాట ఈయప్పకుంటాది." ఆపై నేతాయన వైపు తిరిగి, "నాకు నేసేటప్పుడు మాత్రం అంచు ఎయ్యొద్దప్పా, మా వాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు.

"నీకిప్పుడేం తొందరన్నా? ముందు ఆ సీట్లు ముగించు" అన్నాడు నేతాయన. ముగ్గురం నవ్వాం. తర్వాత నేను పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. అంచులు లోపలికి పోతే జానెడు గుడ్డ కూడా మిగలదు. ఆ సంగతి చెబితే, "తప్పు కొయ్యకుంటే సాలు" అన్నాడు మేస్త్రి.

ముందు సీటు ఏడు నెలల్లో పూర్తయింది. ఈ కాలమంతా ఆయన కోడలు వెంట వచ్చేది. మిషను కుట్టు ఆమెది, చేతి కుట్టు ఆయనది. ఆయన కంట్లో పొర వచ్చి టేపు మీది అంకెలు కనిపించకపోవడంతో కొలతలు చదివే పని నాకు పడింది. ఆయన పద్ధతి ఏమిటంటే, చదివేవాళ్ళు అంకెను రెండుసార్లు చెప్పాలి. కోసేవాడు ఒకసారి తిరిగి చెప్పాలి. అప్పుడే కత్తెర కదలాలి. ముందు సీటు మొత్తం అలాగే చేశాం.

తర్వాత ఆయన ఆరోగ్యం కుదరక పని ఆగుతూ సాగింది. ఈ ఏడాది వెనక సీటు అడుగుభాగం కోసే రోజు ఉక్కగా ఉంది. నాకు తలనొప్పి. పుస్తకంలో చూసి, "ముప్పై ఒకటి ముప్పావు" అన్నాను.

"ఇంకోసారి సెప్పు టీచరమ్మా."

"ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని మేస్త్రీ. ఒకసారి చెప్పింది చాలు. కొయ్యి."

ఆయన కోశాడు. గుడ్డను చట్రం మీద పరిచి చూస్తే మూడుంపావు అంగుళాలు చాలలేదు. పుస్తకం మళ్ళీ చూశాను. ఎడమ వరస ముందు సీటుది, కుడి వరస వెనక సీటుది. నేను చదివింది ఎడమ వరస. కావలసింది ముప్పై అయిదు.

ఆయన మూడేళ్ళ పట్టుదల నా ఒక్క విసురుతో చెడిందని నాకు అర్థమైంది. ఇంకో పది మీటర్లు నేయించవచ్చు, కానీ మగ్గం ఎక్కించి దించేదాకా ఆయన ఊపిరి ఆగుతుందా అన్నది అనుమానమే. చిన్నప్పటి నుంచి మింగిన దూది దుమ్ము అప్పటికే ఆయన ఛాతీలో ఈల వేస్తోంది. "తప్పు నాది" అన్నాను. జీవితంలో ఆ మాట నేను ఎక్కువసార్లు అనలేదు.

"నువ్వు సదివినావు, నేను కోసినాను. పాపం కత్తెర ఒకటే నోరు మెదపలేదు" అన్నాడు మేస్త్రి.

అప్పుడు కోడలు మెల్లగా అంది: "మామా, పాత గుడ్డకు ఎనకాల ఏదో పట్టీ అతికించి ఉండె కదా?"

నేను పుటలు తిప్పాను. ఉంది. నా చేతిరాతే. ముతక పట్టీ, అయిదంగుళాలు. మేస్త్రి ఆ మాట విని పడీపడీ నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగేదాకా నవ్వాడు. వెనక సీటు అడుగుభాగం కొస, వీపు కిందికి దూరి ఎవరికీ కనబడదు. అక్కడ మంచి గుడ్డ దండగని, కంపెనీవాళ్ళు ముతక పట్టీ అతికించారు. నేను పట్టీతో కలిపి కొలిచి ముప్పై అయిదు రాసుకున్నాను. అసలు గుడ్డ ముప్పై అంగుళాలే. కుట్లకు పోను, మేము కోసింది సరిపోతుంది.

"సౌక కారు సేసినోడు మనకంటే ముందే పిసినారి! నువ్వు సరిగ్గా సదివింటే తప్పు కోసి ఉందుము టీచరమ్మా" అన్నాడు. నేను మాత్రం దాన్ని ఒప్పుగా రాసుకోలేదు. ఫలితం కుదిరింది, పద్ధతి తప్పింది. బడిలో అయితే సున్నా వేసేదాన్ని. ఆయన సున్నా వేయలేదు. ఆ తర్వాత ప్రతి అంకెనూ రెండుసార్లు చెప్పాను, ఆయన అడగకముందే.

దసరా వెళ్ళాక ఒక్కసారి వచ్చాడు. వెనక సీటు అడుగుభాగం అప్పటికే బిగించాడు. వీపు ముక్క కోసి, ఎక్కడెక్కడ కుట్టు పడాలో సుద్దతో గీతలు గీశాడు. గీతకూ గీతకూ మధ్య కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడి, "సుద్ద నిలబడదు టీచరమ్మా, తొందరగా వస్తా" అన్నాడు. రాలేదు. తన చేత్తోనే రెండూ పూర్తి చేస్తానన్న మాట పూర్తిగా నెరవేరలేదు. నెరవేరిందని నేను రాయను. ముందు సీటు, వెనక సీటులో సగం, ఆయన చేతివి. తండ్రికి అంతవరకు జవాబు చెప్పుకున్నాడు. అది చిన్న జవాబేమీ కాదు.

కర్నూలులో ఉన్న మా అబ్బాయి మొన్ననే ఫోను చేశాడు. "అమ్మా, మిగిలింది బెంగుళూరులో ఇచ్చేద్దాం. అక్కడ మిషను మీద ఒకే తీరుగా కుడతారు" అన్నాడు. ఆదివారం చెబుతానన్నాను.

ఈరోజు ఆదోనిలో, ఆడవాళ్ళు కూర్చున్న వెనక గదిలో, మేస్త్రి కోడలు పక్కన కూర్చున్నాను. ఓదార్పు మాటలు నాకు చేతకావు. "మిగిలింది నువ్వు కుట్టాలి" అన్నాను.

"నాతో కాదమ్మా. నాది ఎడమ సెయ్యి. మామ కుట్టు ఈ పక్కకు వాలుతాది, నాది ఆ పక్కకు వాలుతాది. పక్కపక్కన పెడితే తెలిసిపోతాది."

"తెలియనీ."

"ఒకే సీటు, రెండు కుట్లు. సూసినోళ్ళు నవ్వుతారు."

"పట్టీ సంగతి గుర్తొచ్చింది నీకా, నవ్వేవాళ్ళకా? ఎవరైనా అడిగితే, ఇక్కడిదాకా మామ, ఇక్కడి నుంచి కోడలు అని చెబుతాను. అడగనివాళ్ళకు కూడా చెబుతాను."

"మీ కొడుకేమంటాడో?"

"అది నా పని."

పక్కనున్న ముసలామె ఒకతె, "ఎడమ సేతోళ్ళ కుట్టు గట్టిదంటారులేమ్మా" అంది ఎటో చూస్తూ. కోడలు కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడు రావాల?" అని అడిగింది.

ఇక జరగవలసినవి:

1. వీపు ముక్క మీది సుద్దగీతలు చెరిగేలోపల, వాటి వెంట తెల్లదారంతో పొడుగు కుట్లు వేసి నిలపాలి. అది రేపు ఉదయం నేనే చేయాలి.

2. ఈ సాయంత్రం మా అబ్బాయికి ఫోను చేసి బెంగుళూరు మాట మానుకోమని చెప్పాలి. వాదిస్తే ఓపికగా వినాలి. ఒప్పుకోకూడదు.

3. నలభయ్యో రోజు దాటేదాకా ఆమెను పనికి పిలవకూడదు. ఆమె అంతట ఆమె వస్తే వద్దనకూడదు.

4. వీపులో నింపడానికి ఇంకా నాలుగు కిలోల నాటు దూది కావాలి. హాలహర్వి రైతుకు ఈ వారమే కబురు పెట్టాలి.

5. రేడియో ఉండవలసిన చోట రేడియో పెట్టిస్తామని ఎవరు వచ్చినా కాఫీ ఇచ్చి పంపేయాలి.

6. పని ముగిసిన రోజు కారును షెడ్డు బయటికి తెచ్చి, నాలుగు తలుపులూ తెరిచి, గుడ్డకు గాలి ఆడేలా ఎండలో ఉంచాలి. మధ్యాహ్నం దాకా ఎవరూ ఎక్కకూడదు, నేనైనా సరే.

7. మొదట కూర్చునేది మేస్త్రి కోడలు. వెనక సీట్లో, కిటికీ పక్కన. తలుపు నేను వేస్తాను.